బరువు కోసం ఎక్కినవాళ్ళు

మా అన్న మునినారాయణ ఆ బండిని బెంగళూరు వేలంలో కొన్నాడు. యుద్ధంలో మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన పికప్పు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టి. నాలుగు చక్రాలకూ గేరు పడుతుంది, దారి లేనిచోట కూడా పోతుందని చెప్పి అమ్మారు. పోయింది, అబద్ధం కాదు. మా గూళూరు చుట్టూ ఉన్న వంకల్లో, రాళ్ళల్లో, చేలగట్ల మీద అన్నిచోట్లా పోయింది. కాని అందులో కూర్చున్న మనిషి నడుము పట్టుకొని దిగవలసిందే.

మా వదిన యశోదమ్మకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. రెండోసారి ఎద్దులబండిలో బాగేపల్లికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. మళ్ళీ నెల తప్పిందని తెలిసిన వారంలోనే అన్న పికప్పును కమ్మరి గంగాధరప్ప కొలిమి ముందు నిలిపాడు. ఈసారి చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో కాన్పు చేయించాలి. అంతదూరం ఆమెను కుదుపు లేకుండా తీసుకుపోవాలి. ఆయన మనసులో ఇంకొకటి లేదు.

నేను అదే ఊళ్ళో కోడలిని. పొద్దున ఇంటిపని ముగించుకొని పుట్టింటికి పోతే, కొలిమి దగ్గరి మాటలన్నీ నాకు వినిపించేవి.

"ఈ కమాన్లు సచ్చిపోయినాయప్పా," అన్నాడు గంగాధరప్ప బండి కింద నుంచే, తొట్టిని మోసే ఇనుప పట్టీల కట్టలను తడుతూ. "ఇనుము వంగి వంగి అలిసిపోయింది. అందుకే గుంత వస్తే అడుగు తగుల్తాండాది."

"ఏం చేద్దామంటావు?"

"ఇంకా పట్టీలు ఎక్కిద్దాము. బండి ఎత్తు లేస్తాది."

"మెత్తగా ఉంటాదా?"

"పరుపులో దూది ఎక్కువ కూరితే మెత్తగా కదా ఉంటాది. ఇదీ అంతే."

వాళ్ళిద్దరూ ఎద్దులబండ్ల మధ్య పెరిగినవాళ్ళు. ఎద్దులబండికి ఇరుసు ఎంత లావుంటే అంత మంచిది, చక్రానికి పట్టా ఎంత మందముంటే అంత మంచిది. పికప్పు కూడా అంతేననుకున్నారు. అన్న చింతామణికి పోయి పాత లారీలు విప్పే షెడ్డులో పట్టీలు ఏరుకొచ్చాడు. గంగాధరప్ప వాటిని ఎర్రగా కాల్చి, వంపు సరిచేసి, నూనెలో ముంచాడు. నడుమ బొక్క వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బోల్టు బిగించాడు. పట్టీల మధ్య ఆముదం పూశాడు. తొట్టి అడుగున రేకు తుప్పుపట్టి చేతికే ఊడివస్తుంటే దాన్ని కోసి పారేసి మద్దిచెక్క పలకలు పరిచారు. ఇనుపకమ్మీలు వంచి పైన టార్పాలు కట్టారు. వదిన పడుకోవడానికి నులకమంచం కోళ్ళు పొట్టిగా కోసి పలకలకు బిగించారు.

మా అమ్మ లక్ష్మీనరసమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "బండిని ఇల్లు చేసినావు. ఇంక పొయ్యి పెట్టేదే తక్కువ," అంది. వదిన పైట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అంత తేలికగా నవ్వగా అంతకుముందు నేను చూడలేదు.

అన్న మంచం మీద బిందెనిండా నీళ్ళు పెట్టి ఊరి పొలిమేర దాకా పోయివచ్చాడు. తిరిగి వచ్చేసరికి బిందెలో సగం నీళ్ళు లేవు, మంచమంతా తడిసింది. ఇద్దరూ బండి కింద దూరి చూశారు. ఏమీ విరగలేదు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆ గట్టిదనమే తప్పని వాళ్ళకు తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది. అన్న రాగుల మూటలు వేసుకొని వస్తూ పక్కన మజ్జిగముంత పెట్టుకున్నాడు. ముంత తొణకలేదు. బరువుంటేనే ఆ కమాన్లు వంగుతాయి, ఖాళీగా ఉంటే మనిషిని ఎగరేసి కొడతాయి.

"ఎక్కించిన పట్టీలు పీకేద్దాం, దించుదాం బండిని," అన్నాడు గంగాధరప్ప.

"చెనిక్కాయలు తోలేది అయిపోనీలేప్పా," అన్నాడు అన్న. వేరుశనగ మూటలు మోయడానికి ఆ గట్టి కమాన్లే కావాలి. "తొమ్మిదో నెల పడినాక పీకుదాము. అంతలోపల పోవాల్సొస్తే నాలుగు రాగిమూటలు ఏసుకొని పోతాము."

నొప్పులు ఎనిమిదో నెలలోనే వచ్చాయి. శుక్రవారం పొద్దున.

అన్న రాగిమూట భుజానికెత్తుకుంటే అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"శుక్రవారం గింజ గడప దాటకూడదు. దించు."

"సాయంత్రానికి మళ్ళీ తెచ్చేస్తానమ్మా."

"పురుడొచ్చే ఇంట్లోనుంచి లక్ష్మిని బయటికి మోసుకుపోతావా?"

వాకిట్లో గుమిగూడినవాళ్ళలో ఎవరో ఇసుకమూటలు వేసుకుందామన్నారు. పక్కింటి చౌడమ్మ వాళ్ళమీద లేచింది. "నిండుమనిషి పక్కన మన్ను పెట్టుకొని పోతారా? నోరు కడుక్కోపోప్పా."

అప్పుడు సీనప్ప బండి ఎక్కి కూర్చున్నాడు. మా పొలం పక్క పొలం ఆయనది. "మూటలు లేకపోతే మనుషులు లేరా? రాండి, అందరూ ఎక్కండి. చౌడక్కా, నువ్వు ముందు ఎక్కు. నువ్వెక్కితే ముగ్గుర్ని తగ్గించచ్చు."

"నీ నోటికి తాళమెయ్య. చెయ్యి ఇయ్యి, ఎక్కుతా."

అలా ఊరివాళ్ళు బరువు కోసం ఎక్కారు. పనిమీద పోతున్నవాళ్ళు, పాలు పిండి వస్తున్నవాళ్ళు, దారిన పోతూ సంగతేమిటని అడిగినవాళ్ళు. నేను మంచం తలాపున కూర్చొని వదిన తల ఒళ్ళో పెట్టుకున్నాను. బండి కదిలింది. గుంతలు వచ్చాయి, పోయాయి, ఊయల ఊగినట్టు ఊగిందంతే. సీనప్ప అందరి బరువులూ ఊహించి చెబుతుంటే వదిన నొప్పుల మధ్యలో కూడా నవ్వింది.

దారికి అడ్డంగా ఉన్న ఏటి దగ్గర వదిన, నేను తప్ప వెనక అందరూ దిగారు. అంత బరువుతో ఇసుకలో పడితే చక్రాలు పూడిపోతాయి. అన్న గేరు మార్చి మెల్లగా అవతలి గట్టుకు ఎక్కించి ఆపాడు. వెనక వాళ్ళు చెప్పులు చేతపట్టుకొని ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నారు. ఏరు వెడల్పు.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముందున్న అన్నకు వినబడేటట్టు అంది. "వాళ్ళకోసం నిలబడొద్దు. పోదాం పద."

"వచ్చేస్తాండారు. రవ్వంత సేపు."

"నాకు బాగలేదు. నేను చెప్తాండా కదా, పోనీ."

అన్న ఒకసారి ఏటి వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. బండి కదిలించాడు. సీనప్ప ఇసుక మధ్యలో నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. ఆగమని ఊపుతున్నాడో, పొమ్మని ఊపుతున్నాడో నాకు తెలియలేదు.

ఆ తర్వాతి దారి గురించి నేను ఎక్కువ చెప్పలేను. మంచం మమ్మల్ని ఎత్తి పలకల మీద వేసింది. ఆమెను కదలకుండా పట్టుకోవాలని నేను మీద పడి పట్టుకున్నాను. నెమ్మదిగా పోతే ఆలస్యమవుతుంది, గబగబా పోతే కుదుపు. అన్న రెండూ చేశాడు.

ఆసుపత్రిలో బిడ్డ చచ్చి పుట్టింది. మగబిడ్డ. అన్న కన్నడంలో డాక్టరమ్మను అడిగాడు, దారివల్లనా అని. దారివల్లనని చెప్పలేను, కాదని కూడా చెప్పలేనని ఆమె అంది. అబద్ధమైనా సరే, ఏదో ఒకటి చెప్పి ఉండవలసింది.

వదిన బాలింతగా ఇంటికి వచ్చాక అమ్మ మొదలుపెట్టింది. "పదిమంది నడిచి వస్తాంటే రవ్వంత నిలబడలేకపోయినావా? ఏం తొందరొచ్చింది నీకు?" అన్నం పెట్టేటప్పుడు, నీళ్ళు తోడేటప్పుడు అదే మాట. అన్న తల వంచుకొని వినేవాడు. లోపలి అరుగు మీద వదిన కూడా వినేది. ఒకరోజు ఆమె గుమ్మం దాకా వచ్చి, "అత్తా, ఆయప్పను అనొద్దు, నేనే..." అని మొదలుపెట్టింది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు అన్న. గట్టిగా అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ విషయం మాట్లాడుకోలేదు. వేరే మాటలు కూడా తగ్గిపోయాయి.

ఆమె నాగరగెరెకు, పుట్టింటికి, పోతానంది. అన్న ముందురోజు పొద్దంతా గంగాధరప్పతో కలిసి ఎక్కించిన పట్టీలన్నీ విప్పించాడు. "బండి ఇప్పుడు మెత్తగా ఉండాది. ఎక్కు, నేనే దింపి వస్తా," అన్నాడు.

"బస్సులో పోతాలే," అంది.

బాగేపల్లిలో బస్సు ఎక్కించడానికి నేను పోయాను. కిటికీలోంచి నా తల నిమిరింది. ఎప్పుడు వస్తావని అడగడానికి నాకు భయమేసింది. ఇప్పుడు కూడా ఎవరైనా ప్రయాణమైతే ఆ మాట అడగను.

పై ఏడు నాగరగెరెలో పెళ్ళికి పోయి ఆమె దగ్గర రెండు రోజులున్నాను. చాటలో వడ్లు చెరుగుతూ తనే ఆ మాట ఎత్తింది.

"అందరి ముందరా కాకపోతే నాతోనైనా అనాల్సింది, 'నువ్వు చెప్పబట్టే కదా పోయినా' అని. తిట్టింటే నేనూ తిట్టిందును. ఇద్దరమూ ఏడ్చిందుము. తనే మోసుకున్నాడు, నన్ను ముట్టుకోనియ్యలేదు. నాకు బిడ్డ కాదా అది?"

ఊరికి వచ్చి ఆ మాట అన్నకు చెప్పాను.

"నేను ఆ మాట అంటే అమ్మ ఆమెను బతకనిస్తాదామ్మా?" అన్నాడు.

మరుసటి రోజే గడ్డం గీసుకొని, ఉతికిన పంచ కట్టుకొని నాగరగెరెకు పోయాడు. సాయంత్రానికి ఒక్కడే వచ్చాడు.

"ఏమనింది?"

"చెనిక్కాయ పీకుతాండారంట, మనుషులు చాలరంట. అయినాక చూద్దామనింది."

"నువ్వేమన్నావు?"

"సరే అనొస్తిని."

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఆ 'సరే' వినడానికి కాదు ఆమె ఏడాదిగా కాచుకున్నది. తిరిగి పొమ్మని, పోయి ఆమెతో పోట్లాడమని ఆయనకు చెప్పాలనుకున్నాను. లోపల అప్పటికే అమ్మ ఆయనకు కంచం పెట్టి పిలుస్తూ ఉంది.