లింగమూర్తి డెమో క్లాసులు

సూరత్ దగ్గరి కడోదరాలో, మగ్గాల మోత ఆగని గల్లీలో లింగమూర్తి కూతురు విజయరాణి ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చుంది. బీకాం పాసైంది, తర్వాత ఏం చేయాలో తేల్చుకోలేకపోయింది. ఆ పిల్ల చేసిన నేరం అదొక్కటే. కానీ గల్లీ జనానికి అంతకు మించిన నేరం కనబడలేదు. పాల ప్యాకెట్ కోసం గడప దాటితే చాలు, "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని ఒకరు, "ఏమన్న అనుకున్నవా?" అని ఇంకొకరు. చివరికి విజయరాణి పాలకు వెళ్లడం మానేసింది. ఆ తర్వాత గడప దాటడమే మానేసింది.

ఇప్పుడు పీకల మీదికి వచ్చింది సంఘం సన్మానం. సూరత్‌లోని తెలుగు నేతవాళ్ల సంఘం ఏటా డిగ్రీ పాసైన పిల్లలకు శాలువా కప్పుతుంది. ఊరికే కప్పదు. శాలువా భుజం మీద పడగానే మైకు పట్టుకుని, తాము ఏం కాబోతున్నారో మూడు వందల మంది ముందు చెప్పాలి. ఈ దిక్కుమాలిన ఆచారం పెట్టింది అధ్యక్షుడు సోమలింగం. పోయినేడు రఘుపతి కొడుకు సంపత్ మైకు ముందు తడబడి "ఇంకా అనుకోలే" అన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే వాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. అయినా ఏం లాభం? 'అనుకోలేగాడు' అన్న పేరు అప్పటికే పడిపోయింది. వాడి పెళ్లికి కూడా జనం 'అనుకోలేగాని పెండ్లి' అనే చెప్పుకుని వెళ్లి భోజనం చేసొచ్చారు.

సన్మానానికి ఇంకా నాలుగు వారాలున్నాయి. "టీచరైతనని జెప్పి దిగిరా, ఎవరు సూడొచ్చిండ్రు?" అంది తల్లి సమ్మక్క.

"అబద్ధం జెప్పి, రేపటి సంది దానికి జవాబు జెప్పుకుంట తిరగాల్నా?" అని పిల్ల బావురుమంది.

ఆ ఏడుపు లింగమూర్తిని ఆలోచనలో పడేసింది. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. కొత్త డిజైన్ ఏదొచ్చినా ముందు ఒక్క మీటరు శాంపిల్ నేసి చూస్తారు, నచ్చితేనే తాన్లకు తాన్లు నేస్తారు. మరి బతుకును శాంపిల్ చూడకుండా ఎంచుకోమంటే పిల్ల ఎట్లా ఎంచుకుంటుంది?

"నువ్వు కూసో బిడ్డా. శాంపిల్ నేను జూసొస్త."

"నా పనికి నువ్వు జూసుడేంది బాపూ?"

"శాంపిల్ ఎవరు నేస్తరు? చీర కట్టుకునేటోళ్లా? నేసేటోడే గదా!"

ఈ వాదంలో ఎక్కడో తప్పుందని విజయరాణికి తెలుసు. ఎక్కడుందో మాత్రం దొరకలేదు.

మొదటి ఆదివారం వరాఛాలో బ్యాంకు కోచింగ్ వాళ్ల ఉచిత డెమో క్లాసుకు వెళ్లాడు. పేర్లు రాసుకునే ఆవిడ "కాకా, మీ పిల్లలెక్కడ?" అని హిందీలో అడిగితే, "నేనే" అని లోపలికి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. అంగుళానికి ఎన్ని పోగులో నోటి లెక్కతో తేల్చేవాడికి వాళ్ల పరీక్ష ఒక లెక్కా? మూడో ర్యాంకు వచ్చింది. ఇంటికొచ్చి తీర్పు చెప్పాడు: "లెక్కలు మంచిగున్నయి. కుర్చీయే మంచిగ లేదు. పొద్దుగాల్నుంచి పొద్దుగూకెదాక కూసుంటె నడుం పోతది. నీకు వద్దు."

రెండో ఆదివారం అమ్రోలిలో బ్యూటీ పార్లర్ కోర్సు. చేసి చూపించడానికి ఎవరైనా ముందుకు రమ్మంటే ఆడపిల్లలంతా సిగ్గుపడ్డారు. లింగమూర్తి లేచాడు. ఒక కనుబొమ్మ పూర్తయ్యేసరికి డెమో సమయం అయిపోయింది. రెండోది కావాలంటే కోర్సులో చేరమన్నారు. ఆనాటి నుంచి మగ్గాల దగ్గర ఒక కనుబొమ్మ సన్నగా, ఒకటి గుబురుగా తిరిగాడు. ఇదేందన్నా అని అడిగినవాళ్లందరికీ "శాంపిల్" అని ఒక్క ముక్కలో చెప్పాడు.

మూడో ఆదివారం ఎయిర్ హోస్టెస్ శిక్షణ. ఫోటోలో కుర్చీలు ఖాళీగా కనబడకూడదని వాళ్లే "బేసో కాకా" అని కూర్చోబెట్టారు. సాయంత్రం ఇంట్లో టీ గ్లాసులు పళ్లెంలో పట్టుకొచ్చి, నడుం వంచి, రెండు చేతులూ చాపి విమానంలో చూపించినట్టు బయటికి పోయే దారులు చూపించాడు.

"ఉన్నదే ఒక్క దర్వాజ. రెండోది ఏడున్నదయ్యా?" అంది సమ్మక్క.

"ఉన్నట్టు చూపియ్యాలెనే. గదే పని." తర్వాత కూతురి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మంచిగనే ఉన్నది బిడ్డా. కని రోజంత నవ్వాలె. నువ్వు నవ్వక ఎనిమిది నెలలాయె."

నాలుగో ఆదివారమే సన్మానం. ఇక వారాలు మిగల్లేదు.

సన్మానం రోజు ఒకరు సీఏ అన్నారు, ఒకరు సాఫ్ట్‌వేర్ అన్నారు, చప్పట్లు మోగాయి. విజయరాణి భుజం మీద శాలువా పడింది. మైకు చేతికొచ్చింది. మాట రాలేదు. మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటే అది గరగరమంది. వెనక వరుసల్లో అప్పుడే ఎవరో కిసుక్కుమన్నారు. ఈ ఏటి పేరు తయారవుతోందని లింగమూర్తికి అర్థమైంది. ఒక్క ఉరుకున స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు.

"నా బిడ్డకు జర టైం పడ్తది. నేనైతే అనుకున్న. నేను ఎయిర్ హోస్టెస్‌నైత."

లింగమూర్తి నడుం వంచి, రెండు చేతులూ చాపి, మూడు వందల మందికీ బయటికి పోయే దారులు చూపించాడు. ఆ కనుబొమ్మలతో నవ్వాడు కూడా. హాలు ఘొల్లుమంది.

సోమలింగం మొహం కందగడ్డయింది. "ఏంది లింగమూర్తీ, సంఘం ఇజ్జత్ తీస్తున్నవ్! నీకు యాభై నాలుగేండ్లు!"

"ఔ అన్నా. నాకు యాభై నాలుగేండ్లకు సమజైంది. దానికి ఇరవై రెండే. ఇంకా ముప్పై రెండేండ్లు టైమున్నది."

స్టేజీ మీద మైకు పట్టుకుని మాట్లాడినవాడికి సోమలింగం అలవాటుగా ఒక శాలువా కప్పేశాడు. ఆ పక్కనే విజయరాణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకోలేక ఊగిపోతోంది. ఆ నవ్వు చూసి లింగమూర్తికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మర్నాటి నుంచి అతని పేరు గల్లీలో ఎయిర్ హోస్టెస్. టీ కొట్టు దగ్గర అదే పిలుపు, మగ్గాల దగ్గర అదే పిలుపు. చివరికి సేఠ్ కూడా అదే పేరుతో కేకేశాడు.

నాలుగో రోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పొయ్యి పక్కన పాల ప్యాకెట్ ఉంది. సమ్మక్క ఇంకా పని నుంచి రాలేదు.

"పాలెవరు దెచ్చిండ్రు?"

"నేనే బాపూ."

లింగమూర్తి గడపలోనే ఆగాడు. "తొవ్వల ఎవరన్న ఏమన్న అడిగిండ్రా?"

"అందరు అడిగిండ్రు," అంది విజయరాణి, గిన్నెలో పాలు పోస్తూ. "నీ విమానం ఎప్పుడని."