వెర్న్ పాస్

వెర్న్ ఆల్‌బ్రైట్ గొంతుకు ఆపరేషన్ అయ్యాక, అతను చేస్తూ వచ్చిన పని, ఈరీ స్టీమర్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు రేడియోలో చెప్పడం, డోరీన్ విసోకీకి వచ్చింది. ఈ సీజన్ వరకే అని ప్రెస్టన్ హేల్ ముందే చెప్పాడు. జట్టు రేడియో వ్యవహారాలన్నీ ప్రెస్టన్ చేతిలో ఉంటాయి. ఓమహా జట్టుతో ఆట అయ్యాక, పై ఏడాదికి ఆ కుర్చీ ఎవరిదో తేలుస్తానన్నాడు. పిట్స్‌బర్గ్ నుంచి ఒకతను తన రికార్డింగులు పంపాడు, గొంతు బాగుంది అని కూడా అన్నాడు.

"గొంతు బాగుంటే పాటలు పాడమనండి," అంది డోరీన్.

ఆమె ఇరవై ఏళ్ళు స్కూలు ఆటలూ హాకీ ఆటలూ చెప్పింది. వాటిలో కొన్ని క్యాంటీన్ కప్పు మీద నిలబడి, కొన్ని ట్రక్కు వెనక కూర్చుని. మైకు ముందు ఆమెకు ఎప్పుడూ నోరు ఎండలేదు. ఆ కుర్చీ తనకు కావాలని ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

ఓమహాతో ఆట ఉన్న ఆదివారం మధ్యాహ్నం ఈరీ సరస్సు మీంచి మంచు మొదలైంది. జనం కేకలు మైకులోకి రావాలని డోరీన్ కామెంటరీ బూత్ కిటికీ తెరిచే ఉంచింది. పక్క కుర్చీలో లామార్ టిబ్స్ రెండు కోట్లు వేసుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడినవాడు. డోరీన్ జరిగింది చెబితే, ఎందుకు జరిగిందో చెప్పడం అతని పని.

"కిటికీ మూయొచ్చు కదా తల్లీ. నా మోకాళ్ళు ఈ జట్టుకే ధారపోశాను. మిగిలిన కాస్తా నాకు ఉండనీ."

"నువ్వు మాట్లాడేది మోకాళ్ళతోనా?"

"నోటితో మాట్లాడటం మొదలుపెట్టాకే మా ఆవిడ రేడియో కట్టేసింది."

డోరీన్‌కు ఎడమవైపు గస్ ఫెరారో బైనాక్యులర్‌తో కూర్చుంటాడు. వారమంతా స్కూల్లో లెక్కలు చెబుతాడు, ఆదివారం ఇక్కడికి వస్తాడు. అతని ముందు ఒక అట్ట. దాని మీద రెండు జట్ల పేర్లు, నంబర్లు. బంతి ఎవరి చేతికి పోతే ఆ పేరు మీద గస్ వేలు పెడతాడు. డోరీన్ మైదానం మీంచి చూపు తిప్పకుండానే కంటి కొసతో ఆ వేలు చూసుకుని పేరు చెబుతుంది.

ఈ పనిలో పేరు తప్పు పోవడం అందరికీ జరుగుతుంది. వెర్న్ దానికి ఒక దారి కనిపెట్టాడు. ఈ ఆటలో బంతి పట్టుకుని పరుగెత్తేవాడు దాన్ని వెనక వస్తున్న తోటివాడికి విసరవచ్చు. అందుకని, తప్పు మనిషిని సగం మైదానం పరుగెత్తించానని తెలియగానే, వెర్న్ ఆ మనిషి చేత బంతిని సరైన మనిషికి విసిరించేవాడు. మైదానంలో ఎవరూ ఏమీ విసిరి ఉండరు. రేడియోలో మాత్రం అందరూ చూసేవారు. బూత్‌లో దాన్ని వెర్న్ పాస్ అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకు కాఫీ ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఆ తర్వాత ఇది నేర్పేవారు. దాన్ని అబద్ధమని ఎవరూ అనలేదు.

మూడో క్వార్టర్‌లో స్టీమర్స్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. మంచు చొక్కాలకు అంటుకుని నంబర్లు కనిపించడం లేదు. గస్ వేలు ఇరవై మూడో నంబరు బీస్లీ మీద పడింది. జట్టులో పేరున్న పరుగు మనిషి అతనే.

"బంతి బీస్లీకి. కుడివైపు. సందు దొరికింది. బీస్లీ నలభై దాటాడు, సగం మైదానం దాటాడు, ముందు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణీ తప్పించాడు. బీస్లీ అవతలి నలభై. బీస్లీ ముప్పై."

ముప్పై దగ్గర ఆ మనిషి బంతిని కుడిచంకలోంచి ఎడమచంకలోకి మార్చాడు. అక్టోబరులో మణికట్టు విరిగినప్పటి నుంచి బీస్లీ ఎడమచేత్తో బంతి పట్టడం లేదు. బుధవారం ప్రాక్టీసులో గీత పక్కన నిలబడి డోరీన్ ఆ సంగతి చూసింది. సరిగ్గా అప్పుడే గస్ వేలు జరిగి ఇరవై ఎనిమిది మీద ఆగింది. కోరీ స్ట్రిక్లండ్. రిజర్వు ఆటగాళ్ళలోంచి ఆ వారమే పైకి వచ్చాడు.

ఆమె హెడ్‌ఫోన్‌లో ప్రెస్టన్ గొంతు వినిపించింది.

"అది స్ట్రిక్లండ్. వెర్న్ పాస్ వేయించు. వేయించు, టైముంది."

నిజమే, టైముంది. ఇంకా పాతిక గజాలు ఉన్నాయి. వెర్న్‌కు ఐదు చాలేవి.

"ఇరవై. ఇతను బీస్లీ కాదు, కోరీ స్ట్రిక్లండ్. మొదటి నుంచీ స్ట్రిక్లండే, పేరు నేను తప్పు చెప్పాను, పరుగంతా అతనిదే. పది. వెనక ఎవరూ అందుకోలేరు. ఐదు. టచ్‌డౌన్ స్టీమర్స్. టచ్‌డౌన్ కోరీ స్ట్రిక్లండ్."

లామార్ మైకు దగ్గరికి వంగాడు. "నేనూ బీస్లీ అనే అనుకున్నా. మరి బీస్లీ ఏడీ? అదిగో, అక్కడ ఇద్దర్ని పడేసి వాళ్ళమీద కూర్చున్నాడు. స్ట్రిక్లండ్‌కి ఆ సందు చేసిపెట్టింది అతనే."

స్టీమర్స్ మూడు పాయింట్లతో గెలిచారు. గెలిపించింది ఏడు పాయింట్లు తెచ్చిన ఆ పరుగే. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ప్రతి ఆటలోనూ ఒక ఘట్టాన్ని తీసి, కోజ్‌లిక్ సాసేజ్ కంపెనీ ప్రకటనతో కలిపి వారమంతా రేడియోలో వేస్తారు. ఈ వారం వేరేది వేయడానికి లేదు.

ఆట అయ్యాక ప్రెస్టన్ బూత్‌లోకి వచ్చి తలుపు వేశాడు.

"నా మాట వినబడలేదా?"

"వినబడింది," అంది డోరీన్.

"వేలు తప్పు పెట్టింది నేను," అన్నాడు గస్.

"పలికింది నేను. మీరు ఊరుకోండి గస్."

ప్రెస్టన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, అయిందేదో అయింది. మైకు ఇంకా పనిచేస్తోంది. ఆ పరుగు మళ్ళీ ఒకసారి చెప్పు. మొదటి నుంచీ స్ట్రిక్లండ్ అనే చెప్పు. జనం కేకలు కింద కలుపుతాం. రెండు నిమిషాల పని. కోజ్‌లిక్ ముసలాయన తప్పులు కొనడమ్మా."

"ఆట అయిపోయింది ప్రెస్టన్. అయిపోయిన ఆటని నేను చెప్పను."

"పై ఏడాది సంగతి ఇవాళ తేలాలని నీకు తెలుసుగా."

"తెలుసు. తేల్చండి. ఈ కుర్చీ నాకు కావాలి. ఈ పని నాకంటే బాగా చేసేవాడు మీకు దొరకడు. కానీ ఇలా చెప్పడానికి కావాలి, అలా చెప్పడానికి కాదు."

లామార్ కోటు విప్పుతూ అన్నాడు. "మేం ఆడే రోజుల్లో డూగన్ అని ఒకడు అరవై గజాలు పరుగెత్తాడు. వెర్న్ రేడియోలో యాభై గజాలు ఇంకొకడి చేత పరుగెత్తించి, చివరి పది డూగన్‌కి ఇచ్చాడు. ఆ రాత్రి వాళ్ళ నాన్న ఫోన్ చేశాడట, చివరి పది గజాలు బాగా లాక్కొచ్చావురా అని. డూగన్ ఇప్పటికీ నవ్వుతూనే చెబుతాడు. కానీ కలిసిన ప్రతిసారీ చెబుతాడు."

ప్రెస్టన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. జట్టు పనిలోకి రాకముందు అతను పదిహేనేళ్ళు రేడియో స్టేషన్లో కూర్చున్నవాడు. గస్ అట్ట మడిచి సంచీలో పెట్టుకున్నాడు. కింద మైదానంలో మంచు తోసే బండ్లు తిరుగుతున్నాయి.

"తప్పు చెప్పానన్న చోట నీ గొంతు పడిపోలేదు," అన్నాడు ప్రెస్టన్ హెడ్‌ఫోన్లు తీసి.

"ఎలా పడుతుంది? వాడు ఆగితేగా నేను ఆగేది."

"ఆ చోట వినేవాడు లేచి నిలబడతాడు. నేను కూర్చునే ఉన్నా, లేవాలనిపించింది." అతను హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టాడు. "కోజ్‌లిక్ ముసలాయనతో నేను మాట్లాడతా. పిట్స్‌బర్గ్ అతనికీ నేనే చెబుతా. నువ్వు గురువారం వచ్చి సంతకం పెట్టు."

"పొద్దున్నా, సాయంత్రమా?"

"థాంక్స్ అనవా?"

"థాంక్స్. పొద్దున్నా, సాయంత్రమా?"

లామార్ నవ్వాడు. "పొద్దున్న పెట్టు తల్లీ. సాయంత్రానికి ఆయన మనసు మారొచ్చు."

సోమవారం ఉదయం డోరీన్ కారులో పోతుంటే రేడియోలో ఆ పరుగు వచ్చింది. నాలుగుసార్లు బీస్లీ పరుగెత్తడం, పేరు నేను తప్పు చెప్పాను అన్న మాట, టచ్‌డౌన్, దాని వెనకే సాసేజ్ ప్రకటన. అందులో ఏదీ కోయలేదు. ఆమె చివరిదాకా విన్నది. 'ఐదు' అన్న మాట కొంచెం ఆలస్యంగా పడిందనిపించింది. మనిషి అప్పటికి నాలుగో గజంలో ఉండి ఉంటాడు.