టార్పీల నిప్పు

ఐరిష్ సీమ మేయోలోని ఆ కొండపల్లెలో సబీనా అవ్వ ఒక్కతే మిగిలింది. పట్నంలో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతోంది. అవ్వకు అడ్డమల్లా పొయ్యే. కూతురిది గ్యాసు పొయ్యి, ఇక్కడ రగిలేదేమో అవ్వ ఒక్కదాని నిప్పు కాదు.

ఆ వారమే బోస్టన్ నుంచి లొరీన్ టార్పీ వచ్చింది. బంగాళాదుంపలు కుళ్ళిన కరువులో ఓడెక్కిన ముత్తవ్వ ఆనవాలు కోసం శ్మశానమంతా వెతికి, ఏ రాతి మీదా టార్పీల పేరు దొరక్క, ఏడుపు ముఖంతో అవ్వ గుమ్మంలో నిలబడి సంగతి చెప్పింది.

"బతికి వెళ్ళినవాళ్ళను సమాధుల్లో వెతుకుతావేంటే పిచ్చిపిల్లా? లోపలికి రా," అంది అవ్వ. "మీ ముత్తవ్వ ఊరొదిలిన రోజు తన నిప్పు ఆర్పలేదు. కుండలో తెచ్చి మా పొయ్యిలో కలిపింది. వెళ్ళేవాళ్ళ నిప్పు పొరుగింట్లో బతకాలి, మా ఊళ్ళో అంతే. రోజూ రాత్రి, ఊబినేలలో తవ్వి ఎండబెట్టిన పీటు పెళ్ళల మీద బూడిద కప్పి, పొద్దున్నే ఊది, మా అమ్మమ్మ, అమ్మ, నేనూ కాపాడుకొచ్చాం."

"మావాళ్ళు తిరిగి రారని తెలిసి కూడానా అవ్వా?"

"నువ్వు రాలేదూ? కాస్త ఆలస్యమైందిలే." నవ్వబోయి ఆగింది అవ్వ. "ఇక నా చేత కాదు తల్లీ, పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలి. అప్పగించడానికి పొరుగిల్లూ లేదు. మీ నిప్పు ఆర్పే హక్కు నాకు లేదు. నువ్వే ఆర్పు."

లొరీన్ నీళ్ళ బకెట్టు అందుకుంది కానీ పొయ్యడానికి చెయ్యి రాలేదు. దాన్ని పక్కన పెట్టి, ముత్తవ్వ కాచుకున్న ఆ సెగకే చేతులు చాచింది. అవ్వ ఆమె పక్కన చతికిలబడింది. ఇద్దరూ ఇంకో పెళ్ళ వెయ్యలేదు. పోయే ప్రాణానికి తోడు కూర్చున్నట్టు, అది తనంతట తాను చల్లారేదాకా కూర్చున్నారు.