వెనక తూటు

ఆదివారం, మిల్లుకు సెలవు. గంగప్ప హాల్లో చాప మీద కూర్చుని, తాను చేసిన స్పీకర్ పెట్టెను నూనెగుడ్డతో తుడుస్తూ చప్పున చెయ్యి ఆపాడు. పక్కగదిలో చప్పుడు పలచబడింది.

పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు అది. నాలుగో జ్వరం దాటిన, అంటే నాలుగోసారి పొర విడిచిన, వేల పురుగులు ఒక్కసారిగా మేస్తుంటే రేకుల మీద సన్నజల్లు పడుతున్నట్టే ఉంటుంది. నిన్న సాయంత్రం దాకా ఆ జల్లు ఆగలేదు. ఇప్పుడు అక్కడో చుక్క, ఇక్కడో చుక్క.

చింతామణి కోతమిల్లులో ఇరవై రెండేళ్లుగా రంపం పట్టిన మనిషి. వంగిన వీపు, కనుబొమల్లో ఎప్పుడూ పొట్టు, కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. తాలూకా అంతా ఎవరెవరి హాళ్లలోనో అతను కోసిన చెక్కే. తన హాల్లో మాత్రం తన చేతి వస్తువంటూ ఒక్కటీ లేదు, పాపం. అందుకే మిగిలిన మామిడిచెక్కతో ఈ పెట్టెల జత చేశాడు. ముందువైపు కూతురు ఆశ ఎంచిన గోధుమరంగు గుడ్డ. "పెండ్లి షామియానా డబ్బాల మాదిరి ఉంటే లోపలికి రానీను" అని భార్య సుబ్బలక్ష్మమ్మ ముందే చెప్పింది. అందం చెడకుండా, గాలి పోయే తూటును వెనక్కి పెట్టాడు. వెనకంటే పురుగులగది తలుపు వైపు.

పురుగులున్నన్నాళ్లు ఇంట్లో రంగు పూయకూడదు, బీడీ కాల్చకూడదు, అగరొత్తి కూడా వెలిగించకూడదు. అన్నీ పాటించాడు మహానుభావుడు. మామిడిచెక్కకు చెద పడుతుందని మాత్రం పదిరోజుల కిందట మిల్లులోనే పెట్టెల లోపల చెదలమందు పూశాడు. ఎండింది, వాసన పోయింది, ఇంకేముందిలే అనుకుని ఇంట్లో చెప్పలేదు. నిన్న సాయంత్రం గంటసేపు పాటలు పెట్టారు. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా తూటులోంచి గాలి కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి చూసుకుని మురిసిపోయాడు కూడా.

గదిలోకి వెళ్లాడు. తట్టల్లో పురుగులు తలలెత్తి మెలికలు తిరుగుతున్నాయి. వాటి నోళ్ల దగ్గర పచ్చటి తడి. మందు సోకితే ఇట్లాగే కక్కుతాయని అతనికి తెలుసు.

"యాల తినకుండా ఉండాయో తెలీదప్పా," అంది తట్టల పక్కన కూర్చున్న సుబ్బలక్ష్మమ్మ. "నిన్న పక్కింటి కెంపమ్మ తొంగి చూసిపోయినాది. ఆమె కండ్లే తగిలినాయి."

ఒక్క ఊ కొడితే చాలు, గంగప్ప గండం గడిచిపోతుంది. కొట్టాలనే అనుకున్నాడు.

ఆమె కొంగు దోపుకుని లేచింది. "మన ఆకు చాలకుంటే తన తోటలోది ఇచ్చినాదే, అట్లాటిది ఇంత పని చేసినాది. పోయి అడిగేస్తా."

గంగప్ప గడపకు అడ్డం నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లు రంపం ముందు నిలబడ్డా ఇంత భయం ఎరగడు.

"కెంపమ్మ కాదే. పెట్టెల్లో చెదలమందు పూసినా. నేనే."

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టలేదు. అతని భుజం మీదుగా హాల్లోకి చూసింది.

"మా ఆయన చేసినాడు, శానా బాగుండాయని వీధంతా చెప్పుకొస్తి కదప్పా," అంది.

అతను పెట్టెల్ని పెరట్లోకి మోశాడు. ఆమె కిటికీలన్నీ తెరిచి, కొత్త ఆకు తెచ్చి పరిచింది. మధ్యాహ్నానికి గదిలో ఒక్క చుక్క చప్పుడు కూడా మిగల్లేదు. ఇద్దరూ తట్టల్ని ఒక్కొక్కటిగా ఎరువుగుంతకు మోసి ఖాళీ చేసి వచ్చారు.

ఎల్లుండి పురుగుల్ని ఎక్కిస్తే గూళ్లు కట్టుకుంటాయని ఆమె కడిగి ఎండబెట్టిన వెదురు చంద్రిక తడిక వసారా గోడకు ఆనించే ఉంది.