పేరు చెప్పని గొంతు

కళ్లు మండుతుండగా రెండు కిలోల ఎర్రగడ్డలు తరిగేసరికి లూదియాకు పండుగ మీదున్న కాస్త సరదా కూడా దిగిపోయింది. చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా వంటింట్లో దూరింది. ఆళ్లగడ్డలో వాళ్లింటి క్రిస్మస్ అంటే వచ్చినవాళ్లందరికీ బిర్యానీ, వీధిలో ఇంటింటికీ కజ్జికాయలు. అవన్నీ వాటంతటవే తయారై పళ్లేల్లోకి వచ్చేస్తాయని వరండాలో కూర్చున్న ఇద్దరు మగవాళ్ల గట్టి నమ్మకం. ఒకరు భర్త శ్యాంసుందర్, ఒకరు మామ శాంతయ్య.

రేపు పొద్దున పదింటిలోపు ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సుగా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆర్డరులో ఆ మాట స్పష్టంగా ఉంది. పెళ్లైన కొత్తలో మాన్పించిన పని, పన్నెండేళ్లకు మళ్లీ చేతికందింది. నిన్న ఆ కాగితం చూపిస్తే శ్యాంసుందర్ వద్దనలేదు. "పండగ కానీలే" అన్నాడు. వద్దంటే పోట్లాడొచ్చు. "కానీలే" అనేవాడితో ఎట్లా పోట్లాడాలో ఆమెకు ఇంతవరకూ తెలియలేదు. రేపు పొద్దున్నే పోదామా అంటే, టిఫిన్లు, మామ స్నానానికి నీళ్లు, అన్నీ చూసి గడప బయట కాలు పెట్టేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఆత్మకూరుకు రెండు బస్సుల్లో మూడు గంటల దారి.

గూట్లో రేడియో మోగుతోంది. అది అత్త జీవమ్మది. ఆమె పోయి ఏడాది దాటింది. లూదియాకు పాటలకంటే మాటలే ఇష్టం. ఇంట్లో ఎవరు నోరు తెరిచినా ఆమెను ఏదో ఒకటి అడగడానికే. రేడియోలో వాళ్లు ఏమీ అడక్కుండా మాట్లాడతారు. ఈరోజు సెలవని జాతీయ రేడియోవాళ్లు పొద్దుటి నుంచీ పాత రికార్డింగులు వేస్తున్నారు. వెనకటి పండుగల్లో పల్లెపల్లెకూ తిరిగి, ఆడవాళ్ల చేత పేరు చెప్పించకుండా మాట్లాడించినవి. గంటకో భాష. పదకొండుకు తెలుగు వచ్చింది.

"ఆఁ, ఏముందిలే గానీ..." అని మొదలుపెట్టింది ఒక పడుచు గొంతు. "ఈ ఇంట్లో నాకిది తొలి పండగ. పొద్దున్నించి కజ్జికాయలు చేస్తానే ఉండా. ఒక్కటన్నా నోట్లో ఏసుకోల్యా."

పకపకా నవ్వింది. వెనకెక్కడో కోడి అరిచింది, తలుపు కిర్రుమంది. అంతలో మగగొంతు వినిపించింది. "టీ యాడ?"

"తెస్తాండా మామా" అని లూదియా గబగబా గ్లాసులో టీ పోసుకుని వరండాలోకి వెళ్లింది.

శాంతయ్య తలెత్తి చూశాడు. "నేనేడ అడిగితినమ్మీ? ఇప్పుడే గదా తాగింది."

ఆమె గ్లాసుతో అక్కడే నిలబడిపోయింది. ఆ పిలుపు ఆయనదే. రోజుకు నాలుగుసార్లు, పన్నెండేళ్లుగా వింటున్న పిలుపు. అది వచ్చింది రేడియోలోంచి.

వంటింట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా మాట్లాడుతోంది. ప్రతి మాటకు ముందు "ఆఁ, ఏముందిలే గానీ" అనే మనిషి ఈ ఇంట్లో ఒక్క అత్తే.

"టీచర్ ట్రెయినింగుకు సీటొచ్చింది, నంద్యాలలో" అంటోంది జీవమ్మ, ఇరవై రెండేళ్ల జీవమ్మ. "మా ఇంటాయన పండగ కానీలే అన్యాడు. సరే అంటి. సోమారం పోయి చేరతా."

"తప్పకుండా చేరతారా?" అని రేడియోవాళ్లెవరో అడిగారు.

"చేరకుండా యాడుంటా? సోమారం పోతా."

లూదియా టీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. పక్షవాతంతో మంచాన పడ్డాక, చివరి మూడేళ్లూ జీవమ్మ నోట మిగిలింది ఆ ఒక్క మాటే. నీళ్లు తాపితే సోమారం. పక్క మారిస్తే సోమారం. ముసలామెకు వారాలు తెలియడం లేదనుకున్నారు అందరూ. "ఈ పొద్దు గురువారం అత్తా" అని లూదియా తానే వందసార్లు దిద్దింది. తలుచుకుంటే సిగ్గేసింది, ఆ వెంటనే భయమేసింది. నలభై ఏళ్లు ఈ పొయ్యి ముందు నిలబడి ఆ మనిషి ప్రయాణానికి సిద్ధంగానే ఉంది. ఇప్పుడూ తన భుజం వెనకే నిలబడి, సోమవారం కోసం చూస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరగడానికి లూదియాకు ధైర్యం చాల్లేదు.

"ఎవురో గానీ బలే నవ్వుతాందిరా ఆ పిల్ల" అన్నాడు వరండాలో శాంతయ్య. "ఏ ఊరిదో!"

"ఎవురో లే నాయనా" అన్నాడు కొడుకు, ఫోన్లోంచి తలెత్తకుండా.

చెబుదామని నోటిదాకా వచ్చింది. మొగుడికి పెళ్లాం గొంతు తెలియలేదు, కొడుక్కి తల్లి గొంతు తెలియలేదు. ఆ నవ్వు ఈ ఇంట్లో మళ్లీ ఎవరైనా వింటే కదా గుర్తుపట్టడానికి. లూదియాకు ఏడుపొచ్చింది. ఎవరికని చెప్పాలి?

శ్యాంసుందర్ వచ్చి గిన్నె మూత తీసి ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు చాలల్యా. ఏమ్మే, మొగం అట్ల పెట్టుకోవాకు. ఉద్యోగం యాడికి పోతాది? సోమారం నేనే ఫోన్ చేసి మాట్లాడ్తా."

రేడియోలో నవ్వు గట్టిగా వినిపించింది. ఆయన ఇంకో ముక్క తీసుకుని వెళ్లిపోయాడు.

లూదియా ఉప్పు వేసింది. దమ్ము పెట్టి మంట తగ్గించింది. సర్టిఫికెట్లు, రెండు చీరలు సంచిలో సర్దుకుంది. కలిసి నర్సింగు చదివిన మంజుల ఆత్మకూరులోనే ఉంది, రాత్రికి వాళ్లింట్లో పడుకోవచ్చు. "ఇరవై నిమిషాలకు పొయ్యి ఆపండి మామా" అని చెప్పి గడప దాటింది. పెరుగు తేవడానికేమో అనుకుని శాంతయ్య తలూపాడు.

నంద్యాలలో బస్సు మారి, ఆత్మకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఫోన్ తీసి చూసింది. పదకొండు సార్లు మోగింది. పన్నెండోసారి ఎత్తింది.

"యాడుండావ్? జనాలొచ్చినారు, కజ్జికాయల డబ్బా యాడుందో తెల్యదు."

"ఆత్మకూరు బస్సులో."

శ్యాంసుందర్ అరిచాడు. అరిచి అరిచి, గొంతు తగ్గించి బతిమాలాడు. "పండగ పూట నవ్వులపాలు చేస్తావా? దిగి వచ్చేయ్. సోమారం నేనే దగ్గరుండి తీస్కపోతా గదా."

బస్సు కదిలింది.

"సోమారం మీయమ్మ పోతాదంట" అంది లూదియా. "నేను ఈ పొద్దే పోతాండా."