శారదమ్మ కోళ్ళ ఆఖరి గుడ్లు

శారదమ్మ చనిపోయిన నెలలోనే ఆమె కోళ్ళూ పోయాయి. లింగాలలో ఆ వాడకంతా కొక్కెర రోగం తగిలింది. పొద్దున మేతకు పోయిన కోడి మాపటికి మెడ వాల్చేది. అవన్నీ ఆమె కాపురానికొచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఒడిలో పెట్టుకుని తెచ్చిన పెట్ట సంతతి. ఆమె బతికినన్నాళ్ళూ "ఇల్లంత రెట్టే" అని తిట్టినవాడు ఆమె మొగుడు అంజన్న. ఇప్పుడు జొన్నల గంపలో మిగిలిన గుడ్లను చూసి, ఆమె కోళ్ళను నిలబెట్టాలనుకున్నాడు. పొదగడానికి వాడలో ఒక్క పెట్ట లేదు. నాగర్‌కర్నూల్ పోయి గుడ్లు పొదిగే మిషన్ తెచ్చాడు. మిషనంటే పెద్దదేం కాదు. థర్మాకోల్ డబ్బా, లోపల బల్బు, వేడి చూసే సన్నని వైరు. వైరు కొసకు చల్లగా తగిలితే బల్బు వెలుగుతుంది, వెచ్చగా తగిలితే ఆరుతుంది.

పక్కింటి పుష్పమ్మ గడపలో నిలబడి నవ్వింది. "పెట్ట లేకుంట పిల్లలు లేపుతవా అంజన్నా? గా డబ్బా ఎందుకు, నువ్వే కూసోరాదు గుడ్ల మీద!"

"నీ నోట్ల మన్నువడ. పో, తలుపేసుకుంట పో."

బిజినేపల్లిలో ఇచ్చిన కూతురు లహరి, గుడ్లలోంచి పిల్లలు లేచే వేళకు వచ్చింది. అంజన్న ఫోను లైటు గుడ్డుకు ఆనించి చూపించాడు. లోపల నల్లగా మెదిలింది.

"పాణమున్నది నాయినా!"

"మొదటి పెట్టపిల్ల నీకే. తీస్కపో."

తల్లి పోయాక అతని నోట మెత్తటి మాట వినడం లహరికి అదే మొదలు.

మరునాడు అంజన్న పత్తి చేనికి పోయాడు. పొద్దు తిరిగాక మబ్బు కమ్మి ఉరమసాగింది. ఉరుముకు గుడ్లలో పిల్లలు చస్తాయని, పొదిగే పెట్ట కింద ఇనుము పెట్టాలని ఆ పల్లెల్లో ఏ ఆడపిల్లకూ చెప్పే పనిలేదు. తల్లి పెట్టగా లహరి చిన్ననాటి నుంచీ చూసింది. గోడకున్న కొడవలి తీసి, మూత ఎత్తి, గుడ్ల పక్కన పెట్టి మూసింది. మూతతో పాటు వైరు బయటికొచ్చి వేలాడడం చూసుకోలేదు. బయట వానగాలి. వైరుకు చల్లదనమే తగిలింది, బల్బు ఆరలేదు. ఒక్క ఉరుముకే పోయే కరెంటు ఆరోజు పోలేదు.

అంజన్న తడిసి వచ్చి మూత ఎత్తాడు. ఉడికిన వాసన. గుడ్డు చేతికి చురుక్కుమంది. పగలగొట్టాడు. నూగు వచ్చిన పిల్ల, ముక్కు రెక్క కింద పెట్టుకుని, ఉన్నచోటే ఉంది. ఇంకోటి పగలగొట్టాడు. ఆఖరి దాకా అన్నీ పగలగొట్టాడు.

"కొడవలెవరు పెట్టిండ్రు?"

"ఉరుముతుంటే... నేనే నాయినా. అమ్మ గట్లనే పెడ్తుండె గద."

"మీ అమ్మ పెట్ట కింద పెట్టింది. కరెంటు డబ్బల కాదు."

"నాకు తెల్వదు నాయినా. తిట్టు, కొట్టు. గట్ల ఊకుండకు."

ఏడుపు విని పుష్పమ్మ వచ్చింది. డబ్బాలోకి చూసి, ఈసారి నవ్వలేదు. "తల్లి మీది పాణంతోని చేసింది అంజన్నా, పిల్లనేమనకు. వనపర్తిల మా అక్క కాడ గుడ్లున్నయి, తెప్పిస్త."

"అవి మీ అక్క కోళ్ళవి."

చచ్చిన పిల్లలను గిన్నెలోకి తీసి పెరట్లోకి పోయాడు. లహరి వెనకే పోయి, మన్నులో తానే పెడతానని చెయ్యి చాపింది. గిన్నె ఇవ్వలేదు. ఒక్కడే గుంట తీశాడు, పూడ్చి కాలితో తొక్కాడు. "పొద్దుగాల బస్సుకు పో" అన్నాడు, అటు తిరిగే.

తెల్లారి లహరి సంచి భుజానికేసుకుని గడపలో ఆగింది.

"పోయొస్త నాయినా."

మంచిగ పోయిరా బిడ్డా అనాలి. అంజన్న తలెత్తకుండా గొడ్డలికి పిడి చెక్కుతూ కూర్చున్నాడు.

బస్సు దాకా పుష్పమ్మే తోడు పోయింది.