సందేహంగారి సంతకం

"పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు. ప్రధాన సంఖ్య," అని చదివింది ఆమె.

"ఆగమ్మాయ్," అన్నారు సందేహంగారు.

అచ్చాఫీసులో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ప్రూఫులు దిద్దడం ఆయన పని. రాతప్రతిని పైకి చదవడం ఆమె పని. నలభై దాటినా ఆయనకింకా అమ్మాయే. తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషి ఆయన. గోడ గడియారాన్ని చేతి గడియారంతో, చేతి గడియారాన్ని పక్కవాళ్ల గడియారంతో సరిచూస్తారు. ఆ అనుమానమే ఆయనకు అన్నం పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన సంతకంతో వెళ్లిన ఒక్క పుస్తకానికీ తప్పొప్పుల పట్టిక అతికించాల్సి రాలేదు. ఆ గర్వం తప్ప ఆయన వెనకేసుకున్నది ఏమీ లేదు.

ఏ సంఖ్యను ఏది శేషం లేకుండా భాగిస్తుందో, ఏది దేనికీ లొంగని ప్రధాన సంఖ్యో చెప్పే పుస్తకమిది. ఇదివరకు పది లక్షలతో ఆగేది. ఈసారి ఇంకాస్త పొడిగించారు.

"మరీ అమాయకంగా నిలబడింది చూడు. నాకు నచ్చలేదు."

"అంకెలు కూడా దొంగచూపులు చూస్తాయా బాబాయ్ గారూ? మెషిన్ మేస్త్రి రెండుసార్లు వచ్చి వెళ్లాడు."

ఆయన సొరుగులోంచి పాత అట్ట తీశారు. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిదీ దాని మీద ఉన్నాయి. ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోయారు. ఏడుతో ఐదు మిగిలింది. పదమూడుతోనూ ఐదే.

"రెండూ కూడబలుక్కున్నాయి," అని గొణిగారు.

అన్నం డబ్బా మూత తీయలేదు. ఎడమ చెయ్యి లాగుతుంటే కుర్చీని అనుమానించారు గానీ గుండెను అనుమానించలేదు. చివరిదైన తొమ్మిది వందల తొంభై ఏడు వల్లా కాలేదు.

మేస్త్రి మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకెంతసేపండీ? అవతల పని నెత్తిమీద కూర్చుంది."

'అచ్చు వేయవచ్చు' అని రాసి సంతకం చేశారు. చేశారన్న మాటే గానీ మనసు ఒప్పుకోలేదు. మేస్త్రి ఆ ప్రూఫు పట్టుకుపోయాడు.

ఆమె టీ తేవడానికి వెళ్లగానే చివరి భాగహారం మళ్లీ చూశారు. భాగఫలం వెయ్యి ఇరవై ఐదు. అది భాజకం కంటే చిన్నదయ్యేదాకా ఆగకూడదని ఆమెకు నేర్పింది ఆయనే. పది లక్షల లోపు ఆ అట్ట సరిపోయేది; అందుకే అట్ట అయిపోతే లెక్క అయిపోయినట్టేనని అలవాటు పడ్డారు. లోకాన్నంతా అనుమానించిన మనిషి ఆ అట్టను మాత్రం నమ్మారు. ఆయనకు భయం వేసింది. తెల్లకాగితం లాక్కుని, తరువాతి ప్రధాన సంఖ్య అయిన వెయ్యి తొమ్మిదితో మొదలుపెట్టారు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నారు. పిలిచింది, భుజం కదిపింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. అప్పుడే ఆయన చేతికింద కాగితం కనిపించింది. వెయ్యి తొమ్మిదిని మనసులోనే మూడుతో హెచ్చవేసింది.

"మెషిన్ ఆపండి!" అని అరుస్తూ పరుగెత్తింది. "బాబాయ్ గారు సంతకం వెనక్కి తీసుకున్నారు!"

మెషిన్ ఆగింది. బల్ల మీది కాగితంలో చివరగా 3027 అని ఉంది. దాని కింద మరో 3027 వేసి, గీత గీసి, సున్నా పెట్టడానికి సరిపడా చోటు ఖాళీగా మిగిలి ఉంది.